జస్టిస్ సయ్యద్ అమీర్ అలీ - వారసత్వ ధర్మశాస్త్రము

24 ఎకరాల భూమిగల ఒక రైతు మరణించాడనుకొందాము. అతడు హనఫీ సంప్రదాయానికి చెందిన ముస్లిము. అతనికి తల్లి, భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు తీరిన పిమ్మట ఆ భూమి ఎవరికెంత చెందవలెను? దివ్య ఖురాను నిసా అధ్యాయంలో నిర్దేశించిన ప్రకారం భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 3 ఎకరాలు. తల్లికి ఆరవ వంతు, అనగా 4 ఎకరాలు. మిగిలిన 17 ఎకరాలలో కుమారునికి రెండు పాళ్ళు, ఒక్కొక్క కుమార్తెకు ఒక్కొక్క పాలు. కుమారునికి ఎనిమిదిన్నర ఎకరాలు రాగా, కుమార్తెలకు చెరి నాలుగుంబావు ఎకరాలు వచ్చును. గణితశాస్త్ర విద్యార్థులకు ఇందులో మరొక విశేషం కలదు. తొమ్మిదవ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రచించిన బీజగణిత గ్రంథంలో చాల భాగం ఇటువంటి వారసత్వపు లెక్కలకే కేటాయింపబడినది.

లెక్క ఇంత తేటగా ఉన్నను, ఆచరణలో ఆ భూమి ఆ విధంగా పంచబడుట అరుదు. ఒకచోట కులాచారం అడ్డు వచ్చును. మరొకచోట ప్రభుత్వ చట్టం వేరొక మాట చెప్పును. ఇంకొకచోట తండ్రియే ముందుగా ఏదో ఒక పత్రం వ్రాసిపోవును. మతధర్మం, ఆచారం, రాజ్యశాసనం - ఈ మూడింటి నడుమ నలిగిన వారసత్వ హక్కులను గురించి సుమారు 50 సంవత్సరాలపాటు బోధించి, వ్రాసి, తీర్పులు చెప్పిన మహనీయుడు జస్టిస్ సయ్యద్ అమీర్ అలీ. మన విద్యార్థులలో పెక్కుమంది ఆయనను ఇస్లాం చరిత్రకారునిగా మాత్రమే ఎరుగుదురు. న్యాయవేత్తగా ఆయన చేసిన కృషి ఆ చరిత్ర గ్రంథాలకు ఏ మాత్రం తీసిపోదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

అమీర్ అలీగారు 1849వ సంవత్సరం ఏప్రిల్ 6వ తేదీన కటక్ పట్టణంలో జన్మించారు. వారి పూర్వులు ఖొరాసాన్ నుండి నాదిర్ షా దండయాత్ర కాలంలో హిందూదేశానికి వచ్చి, అయోధ్య నవాబుల సీమలో ఉన్నావ్ ప్రాంతమున స్థిరపడిన షియా సయ్యదులు. తండ్రి సాదత్ అలీ కుటుంబంతో బెంగాలుకు తరలివచ్చి హుగ్లీ నదీతీరాన చిన్సురాలో నివాసమేర్పరచుకొన్నారు. అమీర్ అలీ చిన్నతనంలోనే ఆయన కాలధర్మం చెందారు. ఐదుగురు కుమారుల పెంపకం, చదువులు తల్లి మీద పడినవి. బెంగాలు ముస్లిములలో ఆంగ్లవిద్య మీద ఇంకను అనుమానం వీడని రోజులవి. అయినను ఆ ఇల్లాలు పిల్లల చేత అరబ్బీ, పారసీకములతోపాటు ఆంగ్లమును కూడ చదివించింది.

బాలుడు చదివిన హుగ్లీ విద్యాలయం కథ కూడ వారసత్వం కథయే. హాజీ మొహమ్మద్ మొహ్సిన్ అనే బ్రహ్మచారి తన సవతి సోదరి మన్నూజాన్ ఖానం నుండి 1803లో గొప్ప ఆస్తిని పొందారు. ఆమె వితంతువు, సంతానం లేదు, ఆస్తి ఆమె తండ్రి వైపునుండి, భర్త వైపునుండి సంక్రమించినది. మొహ్సిన్ ఆ సంపదనంతయు 1806లో వక్ఫుగా వ్రాసి ధర్మకార్యాలకు అంకితం చేశారు. ఆ నిధితోనే 1836లో హుగ్లీ కళాశాల నెలకొన్నది. ఆడపడుచుకు ఆస్తి హక్కు లేని వ్యవస్థలో ఆ కళాశాల పుట్టియుండెడిది కాదు. ఆ కళాశాల లేనిచో చిన్సురాలోని తండ్రిలేని పిల్లవాడు ఏమయ్యెడివాడో చెప్పలేము. అమీర్ అలీగారు తదుపరి కాలంలో ఆ నిధిచే నడుపబడే హుగ్లీ ఇమాంబాడా సంఘానికి 1876 నుండి 1904 వరకు అధ్యక్షత వహించి ఆ ఋణం తీర్చుకొన్నారు.

చరిత్రలో ఎం.ఏ., పిదప న్యాయశాస్త్ర పట్టమును పొంది, ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ఆయన ఇంగ్లండుకు వెళ్ళారు. 1873లో ఇన్నర్ టెంపుల్ నుండి బారిస్టరు అయినారు. ఆ ఏడే ప్రవక్త జీవితమును, బోధలను పరిశీలిస్తూ ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రచురించారు. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరములు. లండనులో ఫాసెట్ దంపతుల వంటి ఉదారవాదులతో పరిచయమయినది. ఆంగ్ల స్త్రీ వివాహమాడినంతనే ఆమె సొత్తు చాలవరకు భర్త వశమగుచుండిన కాలమది. దానిని కొంత సడలిస్తూ 1870లో ఒక చట్టం, మరికొంత విస్తరిస్తూ 1882లో మరొక చట్టం అక్కడ వెలసినవి. ముస్లిం స్త్రీ పెండ్లి అయినను తన ఆస్తికి తానే యజమానురాలనియు, మహర్ పై ఆమెకే హక్కు కలదనియు, తండ్రి ఆస్తిలో ఆమె వాటా ఎవరి దయాదాక్షిణ్యమో కాదనియు ఆయన తన గ్రంథాలలో పలుమార్లు చెప్పుటకు ఈ నేపథ్యం కారణమై ఉండవచ్చును.

కలకత్తాకు తిరిగివచ్చి హైకోర్టులో న్యాయవాదిగా చేరి, ప్రెసిడెన్సీ కళాశాలలో ముస్లిం ధర్మశాస్త్రమును బోధించసాగారు. నాడు ఆ శాస్త్రం న్యాయస్థానాలలో ఎట్టి దుస్థితిలో ఉన్నదో కొంచెం చెప్పుకొనవలెను. 1772లో వారన్ హేస్టింగ్సు చేసిన ఏర్పాటు ప్రకారం వారసత్వం, వివాహం మొదలగు విషయాలలో ముస్లిములకు ఖురాను ధర్మం, హిందువులకు శాస్త్రధర్మం వర్తించవలెను. ధర్మం ఏమిటో తెలుపుటకు కోర్టులలో మౌల్వీలు, పండితులు ఉండెడివారు. 1864లో వారి పదవులు రద్దు చేయబడినవి. అప్పటినుండి ఆంగ్ల న్యాయమూర్తులకు అనువాద గ్రంథాలే దిక్కు. హనఫీ ధర్మానికి ప్రామాణికమయిన హిదాయాను చార్లెస్ హామిల్టన్ 1791లో ఆంగ్లీకరించాడు. అయితే ఆయన అనువదించినది అరబ్బీ మూలమును కాదు, దాని పారసీక రూపమును. వారసత్వ భాగాలను తెలిపే సిరాజియ్యాను విలియం జోన్సు 1792లో వెలువరించాడు. ఇట్లు రెండు మూడు చేతులు మారిన మాటల ఆధారంతో ఒక వితంతువు వాటా, ఒక అనాథ వాటా నిర్ణయమగుచుండెను. షియా ధర్మాన్ని గురించి ఆ కొద్ది ఆధారం కూడ చాలకాలం లేదు.

ఈ లోపాన్ని పూరించుటకు అమీర్ అలీగారు 1880లో ముస్లిముల వ్యక్తిగత ధర్మశాస్త్రమును గురించి ఒక గ్రంథం వ్రాశారు. 1884లో కలకత్తా విశ్వవిద్యాలయంలో టాగోర్ న్యాయోపన్యాసాలిచ్చారు. దానములు, వక్ఫులు, వీలునామాలు ఆ ఉపన్యాసాల విషయం. ఈ రెండు కృషులు కలిసి రెండు సంపుటాల బృహద్గ్రంథమయినవి. మూల అరబ్బీ గ్రంథాలను స్వయంగా చదివి, హనఫీ, షాఫయీ, ఇమామియా సంప్రదాయాల భేదాలను పక్కపక్కన పెట్టి చూపుట దానిలోని విశిష్టత. ఆ భేదం ఎంతటిదో మన 24 ఎకరాల మీదనే చూడవచ్చును. ఈ మారు మృతునికి భార్య, ఒక్కగానొక్క కుమార్తె, ఒక సోదరుడు మాత్రమే ఉన్నారనుకొందాము. హనఫీ లెక్కలో భార్యకు 3, కుమార్తెకు సగం, అనగా 12, మిగిలిన 9 ఎకరాలు సోదరునికి. ఇమామియా లెక్కలో భార్యకు అవే 3 ఎకరాలు; మిగిలిన 21 ఎకరాలు కుమార్తెకే చెందును; సోదరునికి ఏమియు రాదు. ఖురాను ఒక్కటే, పెదతండ్రి పినతండ్రులకు కన్నబిడ్డ అడ్డా కాదా అన్న ప్రశ్నకు రెండు సంప్రదాయాలు చెప్పిన సమాధానం వేరు. మృతుని షియా అనుకొని ఒక తీర్పు, సున్నీ అనుకొని ఒక తీర్పు చెప్పినచో ఒక ఆడపిల్ల 9 ఎకరాలు పోగొట్టుకొనును.

అమీర్ అలీగారు పుస్తకాలతో ఆగలేదు. 1877లో సెంట్రల్ నేషనల్ మొహమ్మడన్ అసోసియేషన్‌ను స్థాపించి 25 ఏండ్లకుపైగా దానిని నడిపించారు. బెంగాలు ముస్లిముల ఆర్థిక పతనాన్ని వివరిస్తూ ఆ సంఘం 1882లో వైస్రాయి రిప్పన్ ప్రభువుకు మహజరు సమర్పించినది. అంతకు అర్ధశతాబ్దం క్రిందట ప్రభుత్వం పన్నులేని మాన్యాలను తిరిగి స్వాధీనం చేసుకొనుటతో ఎన్నో పాఠశాలలు, మసీదులు, కుటుంబాలు కూలిపోయిన సంగతి బెంగాలులో ఎవరును మరువలేదు. 1883లో ఆయన గవర్నరు జనరలు శాసనసభలో సభ్యులయ్యారు. 1884లో ఇసబెల్ ఇడా కొన్‌స్టామ్ అను ఆంగ్ల వనితను లండనులో వివాహమాడారు. వారికి ఇరువురు కుమారులు. పెద్దవానికి వారిస్ అని పేరు పెట్టారు. ఆ మాటకు వారసుడని అర్థమని మన ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. చిన్నవాడగు తారిక్ తదనంతరం తండ్రివలెనే కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి అయ్యాడు.

1890లో అమీర్ అలీగారు కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు. అలహాబాదులో సర్ సయ్యద్ కుమారుడు సయ్యద్ మహమూద్ అంతకుమునుపే ఆ స్థానమలంకరించి ఉండిరి. ఆయన తరువాత హైకోర్టు పీఠమెక్కిన ముస్లిము ఈయనయే. ఆ పీఠం మీదనే ఆయన జీవితంలోని పెద్ద వివాదం ఆయన కొరకు వేచియున్నది. అది సంతాన వక్ఫు వివాదము. అరబ్బీలో వక్ఫ్ అలల్ ఔలాద్ అందురు.

వారసత్వ ధర్మం ప్రకారం ఆస్తి తరతరానికి ముక్కలగును. వీలునామా ద్వారా మూడవ వంతుకు మించి వ్రాయుటకు వీలులేదు. హనఫీ ధర్మంలో ఆ మూడవ వంతు కూడ ఇతర వారసుల సమ్మతి లేనిదే ఒక వారసునికి వ్రాయరాదు. కాని బ్రతికియుండగా ఆస్తిని వక్ఫు చేయవచ్చును. అప్పుడది భగవంతుని పేర నిలిచిపోవును. అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, పంచరాదు. దానిపై వచ్చే ఆదాయం తన సంతతికి, వారి సంతతికి, వంశం అంతరించినచో బీదలకు చెందవలెనని పత్రంలో వ్రాయుదురు. ముతవల్లీ దానిని నిర్వహించును. శతాబ్దాలుగా ముస్లిం దేశాలలో ఇది సాగుచు వచ్చిన పద్ధతియే. ఆంగ్ల న్యాయమూర్తులకు మాత్రం ఇది మింగుడుపడలేదు. వారి శాస్త్రంలో ధర్మమనగా పరులకు చేసెడిది. కన్నబిడ్డలకు పెట్టుకొన్నది ధర్మమెట్లగును? పైగా ఆస్తిని అనంతకాలం కట్టివేయుట వారి న్యాయానికి విరుద్ధము.

1892లో ఒక వ్యాజ్యంలో అమీర్ అలీగారు ఇట్టి వక్ఫును సమర్థించారు. ఇస్లాములో తన కుటుంబ పోషణ కూడ సత్కార్యమేననియు, బంధువులలోని అవసరార్థులకు పెట్టుట పరులకు పెట్టుటకన్న ముందు వచ్చుననియు, ఆంగ్లంలోని ధర్మమను మాటతో అరబ్బీలోని సదఖా అను మాటను కొలువరాదనియు ఆయన వాదము. మరుసటి సంవత్సరం బికానీ మియా వ్యాజ్యం పూర్ణ ధర్మాసనం ఎదుటకు వచ్చినది. తోటి న్యాయమూర్తులు ఆయనతో ఏకీభవించలేదు. ఆయన ఒంటరిగా సుదీర్ఘమయిన భిన్నాభిప్రాయ తీర్పును వ్రాశారు. హదీసులనుండి మొదలిడి ఫతావా ఆలంగీరీ వరకు ప్రమాణాలన్నిటిని అందులో ఏకరువు పెట్టారు.

1894లో అబుల్ ఫతా వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిలుకు చేరినది. ఇద్దరు సోదరులు 1868లో తమ ఆస్తిని సంతతి కొరకు, ఆ వంశమంతరించిన పిదప వితంతువులు, అనాథలు, బీదల కొరకు వక్ఫు చేశారు. బీదల హక్కు ఎప్పుడో సుదూర భవిష్యత్తులో రావలసినది కనుక అది వట్టి మాయయని, ఆ వక్ఫు చెల్లదని ప్రీవీ కౌన్సిలు తేల్చినది. అమీర్ అలీగారి అభిప్రాయాన్ని పేర్కొని, అది సందర్భశుద్ధి లేని సామాన్య వచనాలపైనను, అరకొరగా తెలిసిన పూర్వోదాహరణలపైనను ఆధారపడినదని త్రోసిపుచ్చింది. అరబ్బీ చదివిన ముస్లిం న్యాయమూర్తికి ముస్లిం ధర్మం తెలియదని, అరబ్బీ అక్షరం రాని ప్రభువులు నిర్ణయించుట చరిత్రలోని వింతలలో ఒకటి. దేశంలోని వందలాది సంతాన వక్ఫుల మెడమీద ఆ తీర్పు కత్తివలె వ్రేలాడినది.

దీనిపై లేచిన ఆందోళనలో మౌలానా షిబ్లీ నుమానీ ఉర్దూలో కరపత్రాలు వ్రాసి, ఉలేమాల సంతకాలు సేకరించి ప్రముఖ పాత్ర వహించారు. 1911లో మొహమ్మద్ అలీ జిన్నా కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టారు. 1913లో అది వక్ఫు ధ్రువీకరణ చట్టమయినది. అంతిమంగా బీదలకు గాని, శాశ్వత ధర్మకార్యానికి గాని ఆస్తి చేరునట్లు ఏర్పాటుంటే సంతాన వక్ఫు చెల్లునని ఆ చట్టం చెప్పినది. 20 ఏండ్ల క్రిందట ఒంటరిగా వ్రాయబడిన అభిప్రాయం ఈ విధంగా దేశశాసనమయినది.

ఇక్కడ ఈ వ్యాసకర్త ఒక మాట చెప్పక తప్పదు. అమీర్ అలీగారి వాదం శాస్త్రరీత్యా బలమయినదే. అయితే సంతాన వక్ఫు పత్రాలు వ్రాసినవారందరు బీదలను తలచుకొని వ్రాయలేదు. ఖురాను కుమార్తెకిచ్చిన వాటాను తప్పించి, ఆస్తి అంతయు కుమారుల చేతిలో, కుమారుల కుమారుల చేతిలో నిలుపుటకు వ్రాసినవారును ఉన్నారు. ముతవల్లీ పదవి పెద్ద కుమారునిది. ఆడపిల్లకు నెలకింత భత్యమని వ్రాయుట. అదియు పెండ్లి వరకే. భగవంతుని పేర కట్టిన గోడ ఒక్కొక్కసారి భగవంతుడు నిర్ణయించిన వాటాదారునే బయట నిలిపినది. పెద్ద కుటుంబాలు ముక్కలై నశించకుండ కాపాడవలెననే ఆరాటం అమీర్ అలీగారిలో ఎంతగా ఉన్నదో, ఈ ప్రమాదంపై ఆయన దృష్టి అంతగా నిలిచినట్లు కానరాదు.

ఆచారం చేసిన అన్యాయం ఇంతకన్న పెద్దది. హిందూ ధర్మం విషయంలో, స్పష్టంగా ఋజువయిన ఆచారం శాస్త్రవచనాన్ని మించునని ప్రీవీ కౌన్సిలు 1868లో మన మద్రాసు రాజధానికి చెందిన రామనాథపురం వ్యాజ్యంలోనే చెప్పినది. తెలుగు జిల్లాలలో రెడ్లలో, కమ్మవారిలో ఉన్న ఇల్లరికపుటల్లుని హక్కును మద్రాసు హైకోర్టు ఆ సూత్రంపైననే మన్నించినది. ఇల్లరికం వచ్చిన అల్లుడు కుమారునివలె వాటా పొందుట ఏ ధర్మశాస్త్రంలోను లేదు, ఊరిలో ఉన్నది. ఆచారం ఒక్కొక్కప్పుడు ఇట్లు మేలు కూడ చేసినది. ముస్లిముల విషయంలో మాత్రం చాలచోట్ల అది స్త్రీలకు ఎదురు నిలిచినది. 1847లో బొంబాయి సుప్రీం కోర్టులో ఖోజా ఆడపడుచులు ఖురాను ప్రకారం తమ వాటా కోరగా, హిందువులనాటి నుండి వచ్చిన ఆచారం తమకు వర్తించునని సోదరుల పక్షం వాదించి గెలిచినది. పంజాబులో 1872 నాటి చట్టం ఆచారానికే అగ్రస్థానమిచ్చినది. అయోధ్య తాలూక్‌దారులలో 1869 నాటి చట్టం క్రింద అనేక సంస్థానాలు జ్యేష్ఠునికే చెందుచుండెను. మలబారు మాప్పిళ్ళలోని మరుమక్కత్తాయం మాత్రం తల్లి వంశాన్ని అనుసరించి, అన్నిటికి భిన్నంగా నడిచినది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు వర్తించిన 1873 నాటి మద్రాసు సివిలు కోర్టుల చట్టం కూడ వారసత్వంలో ముస్లిం ధర్మాన్ని గాని, చట్టబలం గల ఆచారాన్ని గాని అనుసరింపుమన్నది.

చట్టబలం లేని ఆచారం మరొకటున్నది. అది ఏ కోర్టుకు ఎక్కదు. మా మేనత్త ఒకరు తండ్రి పోయిన నలుబదవనాడు తన వాటాను సోదరులకు వదలుకొంటున్నట్లు వేలిముద్ర వేసిచ్చినది. ఎవరును బలవంతం చేయలేదు. పుట్టింటి గుమ్మం మూసుకొనిపోకుండ ఉండుటకు ఆమె చెల్లించిన మూల్యమది. ఏటేటా పండుగకు ఒక చీర వచ్చెడిది. ఆమె దానిని అందరికి చూపించెడిది. అమీర్ అలీగారి గ్రంథం చదివిన తరువాత ఆమె వదలుకొన్నదెంతయో లెక్కవేసి చూచితిని. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. హిందూ ఇండ్లలో పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన కొద్దిపాటి పొలంతో ఆడపడుచు హక్కు తీరిపోయినదని భావించుట దీనికి తోబుట్టువే.

1904లో పదవీ విరమణ చేసి అమీర్ అలీగారు ఇంగ్లండులో స్థిరపడ్డారు. అప్పటికే ఇస్లాము తత్త్వాన్ని గురించిన 1891 నాటి గ్రంథం, అరబ్బుల చరిత్రను గురించిన 1899 నాటి గ్రంథం ఆయనకు ఖండాంతర ఖ్యాతి తెచ్చినవి. జస్టిస్ ఉడ్రాఫ్‌తో కలిసి వ్రాసిన సాక్ష్య చట్ట వ్యాఖ్యానం న్యాయవాదుల బల్లలమీద ఈనాటికిని కనుపించును. 1908లో ముస్లిం లీగు లండను శాఖను నెలకొల్పారు. లండను మసీదు నిధికి, రెడ్ క్రెసెంటు సహాయకార్యాలకు, ఖిలాఫత్ విషయమై ఆగాఖానుతో కలిసి చేసిన ప్రయత్నాలకు కూడ కాలం వెచ్చించారు. అవి వేరొక వ్యాసానికి తగిన విషయాలు.

1909 నవంబరులో ఆయన ప్రీవీ కౌన్సిలు సభ్యులయ్యారు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడాయనయే. 15 ఏండ్ల క్రిందట తన అభిప్రాయాన్ని త్రోసిపుచ్చిన న్యాయపీఠం మీదనే ఆయన ఇప్పుడు ఆసీనులయ్యారు. అచ్చట చెప్పిన తీర్పులలో రెండింటిని మాత్రం పేర్కొందును. 1918లో ఇమాంబందీ వ్యాజ్యం వచ్చినది. తండ్రి మరణించిన మైనరు పిల్లల వాటాను తల్లి అమ్మివేసినది. తల్లికి పిల్లలను పెంచే హక్కు ఉన్నదేగాని, తండ్రి నియామకంగాని కోర్టు అనుమతిగాని లేనిదే వారి స్థిరాస్తిని అమ్మే అధికారం లేదని, ఆ విక్రయం చెల్లదని అమీర్ అలీగారు తీర్పు చెప్పారు. ఆనాటి నుండి ముస్లిం మైనరుల ఆస్తి కొనదలచినవారెల్లరు ఆ తీర్పును చూడకుండ ముందుకు పోలేదు. అనాథల సొమ్ము దక్కినది నిజము. కాని తనను కన్న తల్లి విశ్వాసాన్నే ఆలంబనగా చేసుకొని పైకివచ్చిన ఆయన, తల్లులందరిని ఆ అధికారానికి దూరముంచు సూత్రాన్ని స్థిరపరచవలసి వచ్చుట గమనింపదగినది. శాస్త్రం చెప్పినది ఆయన చెప్పారు.

రెండవది 1921 నాటిది. మద్రాసు రాజధాని నుండి వెళ్ళిన ఒక మఠం ఆస్తి వ్యాజ్యము. మఠాధిపతి గాని, దేవాలయ ధర్మకర్త గాని, ముతవల్లీ గాని ఆంగ్ల శాస్త్రంలోని ట్రస్టీ వంటివారు కారనియు, హిందువుల ధర్మాదాయాలను, ముస్లిముల వక్ఫులను ఆ అచ్చులో పోయరాదనియు ఆయన విపులంగా వివరించారు. 1893లో వక్ఫు విషయమై ఒంటరిగా వాదించినదే ఇప్పుడు హిందూ మఠానికి కూడ అన్వయించి, సామ్రాజ్యపు అత్యున్నత న్యాయస్థానం పేర పలికారు. దక్షిణదేశంలోని మఠాలు, దేవాలయాల వ్యాజ్యాలలో ఆ తీర్పు ఎన్ని మారులు ఉదాహరింపబడినదో లెక్కలేదు.

1928 ఆగస్టు 3వ తేదీన ససెక్స్ సీమలోని తన గృహమున అమీర్ అలీగారు పరమపదించారు. మరణం వరకు ప్రీవీ కౌన్సిలులో తీర్పులు చెప్పుచునే ఉండిరి.

ఆయన పోరాటంలో ఒక ముడి అప్పటికింకను వీడలేదు. 1913 చట్టం అంతకు పూర్వపు వక్ఫులకు వర్తించదని ప్రీవీ కౌన్సిలు 1922లో చెప్పియుండెను. 1930లో మరొక చట్టం వచ్చి పాతవానికి కూడ ఆ రక్షణ కల్పించినది. ఆచారం మీద యుద్ధం మరి ఏడేండ్లకు ఫలించినది. 1937 నాటి షరియత్ అనువర్తన చట్టం వారసత్వంలో ఆచారాన్ని త్రోసి షరియత్‌ను నిలిపినది. అయితే వ్యవసాయ భూములను మినహాయించినది. నాటి భారతదేశంలో సంపద అంతయు ఉన్నది వ్యవసాయ భూములలోనే గదా! మద్రాసు ప్రభుత్వం 1949లో ఆ మినహాయింపును తొలగించినది. ఆనాడు మద్రాసులో భాగమయిన మన ఆంధ్ర జిల్లాల ముస్లిం ఆడపడుచుకు చట్టరీత్యా పొలంలో వాటా అప్పుడు నిశ్చితమయినది. పొరుగింటి హిందూ ఆడపడుచుకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో సమభాగమిచ్చినది; పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కును ఆంధ్రప్రదేశ్ శాసనం 1985 సెప్టెంబరు 5 నుండి కల్పించగా, దేశమంతటికి 2005లో వర్తించినది. ప్రత్యేక వివాహ చట్టం క్రింద వివాహమాడిన ముస్లిము ఆస్తికి షరియత్ గాక భారత వారసత్వ చట్టం వర్తించును. ఈ సంగతి చాలమందికి తెలియదు.

సంతాన వక్ఫు వలన స్త్రీలతోసహా వారసుల హక్కులకు భంగం కలుగరాదని 2025 నాటి వక్ఫు సవరణ చట్టంలో ఒక నిబంధన చేరినది. ఆ చట్టంలోని ఇతర అంశాలపై దేశంలో తీవ్రమయిన వాదోపవాదాలు జరిగినవి. కొన్ని నిబంధనల అమలును సుప్రీం కోర్టు ఆ ఏడు సెప్టెంబరులో నిలిపివేసినది. వాటి జోలికి పోవుట ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అమీర్ అలీగారి భిన్నాభిప్రాయ తీర్పు మాత్రం కలకత్తా న్యాయ నివేదికల 20వ సంపుటంలో 116వ పుట నుండి ప్రారంభమగు బికానీ మియా వ్యాజ్యంలో ముద్రితమై ఉన్నది. న్యాయశాస్త్రం చదువదలచిన విద్యార్థినీ విద్యార్థులు దానిని, దాని వెంటనే ప్రీవీ కౌన్సిలు 1894లో ఇచ్చిన సమాధానాన్ని పక్కపక్కన పెట్టుకొని చదువవచ్చును.